కోటు లోపలి టోపీ

బల్ల మీద బకెట్టుడు వేడినీళ్ళు కుమ్మరించి, పల్చటి కొత్త ప్లాస్టిక్ షీటు పరిచి, తడి తువ్వాలు అరచేతికి చుట్టి దానిమీద గరుకు తొడుగు బిగించుకుని, "రండమ్మా, పడుకోండి" అంటూ తలెత్తేదాకా, ఈ ఏటికి తన చేతికింద పడబోయే ఆఖరి ఒళ్ళు ఎవరిదో యాచిన్ చూడలేదు. చూశాక కూడా మొహం కంటే ముందు భుజాన్నే గుర్తుపట్టింది. ఎడమ భుజం కుడిదానికంటే కాస్త దిగి ఉంటుంది, బరువులు మోసి కాదు, గంటలకొద్దీ ఒక మోచేతి మీద వాలి రాసుకోవడం వల్ల. కథలు రాసే నింగ్ టీచరే. పాతికేళ్ళుగా షెన్‌యాంగ్‌లో స్నానశాలలో ఆడవాళ్ళ ఒళ్ళు రుద్దుతున్న మనిషికి మొహాలు ఏం గుర్తుంటాయి, వీధిలో ఎవరైనా పలకరిస్తే "బట్టలతో ఉంటే పోల్చుకోలేనమ్మా" అని నవ్వించి తప్పుకోవడం ఆమెకి అలవాటు. ఈ ఒంటిని మాత్రం చీకట్లో కూడా పోల్చుకోగలదు. "యాచిన్ అక్కా, ఆఖరి రోజు కదా, ఉంటారో ఉండరో అనుకున్నాను" అంటూ నింగ్ వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుంది, పుట్టింటికి వచ్చినట్టు. "ఉన్నాను" అంది యాచిన్. ఆ ఒక్కమాటకి పక్క బల్ల కడుగుతున్న, రుద్దేవాళ్ళలో మూడో నంబరైన సున్ తిరిగి చూసింది, ఎందుకంటే యాచిన్ ఒక్కమాటతో ఊరుకోవడం ఈ గదిలో ఎవరూ ఎరగరు. రేపు సాయంత్రం ఏడాది చివరి విందు, పోయిన ఏడాది దరిద్రమంతా కడిగేసుకోవాలని ఊరు ఊరంతా పొద్దుటినుంచీ వచ్చి పడింది, నాలుగింటికి తలుపులు మూసేస్తారు, ఈ ఒక్క ఒళ్ళూ అయిపోతే ఇంటికి పోవచ్చు. ఇంటికి పోవాలంటేనే కాళ్ళు ఈడుస్తున్నాయి ఈ మధ్య.

మెడ దగ్గర మొదలుపెట్టింది. మెడకి గట్టిగా రుద్దకూడదు, చెయ్యి తిప్పుతూ రుద్దాలి. మెడమీద చెయ్యి వేసినప్పుడు ఒక్క క్షణం ఏం ఆలోచన వచ్చిందో ఆమెకే తెలుసు, వెంటనే భుజం మీదికి జారింది. మట్టి సన్నటి వత్తుల్లా చుట్టుకుని రాలుతోంది, ఇప్పుడు ఉంటున్న బీజింగ్ మట్టి, అక్కడ ఎవరూ సరిగ్గా రుద్దరు కాబోలు. ఐదేళ్ళ పాటు, తల్లి బతికున్నన్నాళ్ళు నింగ్ ఈ ఊళ్ళోనే ఉండి, వాల్వుల ఫ్యాక్టరీ వెనక ఇంజనీర్ల క్వార్టర్సులోంచి వారం వారం వచ్చి ఈ బల్లమీదే పడుకునేది. ఈ గదిలో గోడమీద రాసి ఉన్నది "విలువైన వస్తువులకు మా బాధ్యత లేదు" అని ఒక్కటే. రాయని నియమం ఇంకొకటి ఉంది, బల్లమీద మాట నీళ్ళతో పోతుంది. ఆడవాళ్ళు ఇక్కడ పడుకుని ఏం చెప్పరు గనక, ఒంటిమీద నూలుపోగు లేకపోయాక దాచడానికి ఏం మిగులుతుంది, అత్తల మాటలు, మొగుళ్ళ చేతలు, పెళ్ళికిముందు సంగతులు. చెయ్యి ఆడాలంటే నోరూ ఆడాలి కాబట్టి రుద్దేవాళ్ళూ తమవి చెబుతారు. తర్వాత బకెట్టు నీళ్ళు పోస్తే మట్టితోపాటు అన్నీ కాలవలోకి. ఆ నియమం పడుకున్నవాళ్ళకి కూడా తెలుసుననుకుంది యాచిన్, తెలియనివాళ్ళు ఉంటారని ఆమెకి ఊహకైనా రాలేదు. ఒక మంచు రోజున నింగ్ అడిగింది, మీ ఆయన రోజూ ఆ ఎదురుగోడ దగ్గరే నించుంటాడేం అక్కా, లోపల కూర్చోవచ్చుగా అని. అంతే, చేతితోపాటు నోరూ సాగింది, సైకిలూ టోపీ ఏడుపూ అన్నీ. లేచి కూర్చుని నింగ్ ఎంతో మర్యాదగా అడిగింది, "అక్కా, మీ గురించి రాయనా?" అని. యజమాని అప్పుడే కొత్తగా పెట్టాడు, వచ్చినవాళ్ళు ఫోన్లో ఒక్కొక్కరి పని గురించి నాలుగు ముక్కలు రాయడం, వాటిని అచ్చుతీసి కౌంటరు దగ్గర అంటించడం, ఎవరి గురించి మంచిగా రాస్తే వాళ్ళకి కొత్త సంవత్సరానికి రెండురోజులు ఎక్కువ సెలవు. యాచిన్ ఇంకేం అనుకుంటుంది. "రాయండి టీచరమ్మా, తప్పకుండా రాయండి. ఏడో నంబరని మాత్రం మర్చిపోకండి, పోయినసారి ఒకావిడ నంబరు వెయ్యక నా పొగడ్తంతా సున్ కొట్టేసింది" అంది. నెల్లాళ్ళు కౌంటరు దగ్గర వెతుక్కుంది కూడాను. తన మెడకి తనే తాడు పేనుకుని, గట్టిగా ఉందో లేదో లాగి చూసుకున్న మనిషి ఇంకెవరుంటారు.

నింగ్ పుస్తకం వచ్చిందని సున్ చెప్పింది. బాయిలరు గదిలో మధ్యాహ్నం తిండి వేళ, ఆవిరి రొట్టెలు కొరుక్కుంటూ, ఫోను ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. అట్టమీద "నోరులేనివాళ్ళ గొంతు" అని ఉందట, అది చదివి సున్ ఎంత నవ్విందంటే రొట్టె గొంతుకి అడ్డం పడింది. "ఎవరికే నోరు లేనిది, నీకా? నీ నోటికి భయపడి బాయిలరు కూడా ఆగిపోతుంది కదే." సున్ ఇలాంటి కథలు చాలా చదివింది, ఆమె కొడుకు ఫోన్లో పెట్టిచ్చాడు, ఆమెకో అభిప్రాయం ఉంది. ఈ కథల్లో మన ఊళ్ళో ఎప్పుడూ మంచే కురుస్తుందమ్మా, ఎండాకాలం రానే రాదు. పని పోయినవాళ్ళంతా తాగుతారు, తాగినవాళ్ళంతా గోడకేసి చూస్తారు, చివరికి ఎవరో ఒకరు నదిలో తేలతారు. ఊరబెట్టిన క్యాబేజీలో ఉప్పెక్కువైందని ఒక్క ఇంట్లోనూ పోట్లాట ఉండదు, ఒక్కరూ పకపకా నవ్వరు, మనం ఇంత బీదవాళ్ళమని పుస్తకాలు వచ్చేదాకా మనకే తెలీలేదు చూడు. అందరూ నవ్వారు. తర్వాత కథలోకి ఏడో నంబరు వచ్చింది, చప్పట్లు కొట్టారు. సైకిలు వచ్చింది, గోడ వచ్చింది, కోటు లోపల టోపీ వచ్చింది, యాచిన్ సిగ్గుపడింది కూడా, కొత్త పెళ్ళికూతురిలా చేత్తో మొహం కప్పుకుంది. అప్పుడు ఆ గోడకి ఎదురుగా ఎర్రదీపం వెలిగింది. స్నానశాల కాదు, డాన్సు హాలు. పని పోయిన మొగుడు పెళ్ళాన్ని సైకిలు మీద హాలుకి దింపి, పరాయి మగాళ్ళతో ఆమె పని ముగిసేదాకా బయట నించుంటాడు. ఆమె ఒళ్ళు కడుక్కుని తడి జుట్టుతో వస్తుంది, జుట్టు గడ్డకట్టకుండా అతను టోపీ పెడతాడు, పెడుతూ సిగ్గుతో ఏడుస్తాడు. సున్ గొంతు తగ్గిపోయింది, అయినా ఆపలేదు, ఆపితే అదోలా ఉంటుందని చివరిదాకా చదివింది. "అబద్ధమని మాకు తెలీదా ఏంటి" అంది చివర్న, కానీ అనడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ క్షణాన్ని యాచిన్ ఇప్పటికీ నములుతూనే ఉంది.

టోపీ నిజం మరి. సైకిలు నిజం, తడి జుట్టు నిజం, నంబరు నిజం. ఇన్ని నిజాల మధ్యన ఒక్క అబద్ధాన్ని కూర్చోబెడితే దానికి కూడా నిజం వాసన పట్టేస్తుంది. వాల్వుల ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడాది మొగుడికీ పెళ్ళానికీ ఒకే వారంలో పని పోయిందన్న కాగితాలు వచ్చాయి. టిక్కెట్టు చూపించి తాము స్నానం చేసిన ఫ్యాక్టరీ స్నానశాలనే ఎవరో వేలంలో పాడుకుని నడుపుతుంటే, అదే గదిలో యాచిన్ తొడుగు వేసుకుంది. తెలిసినవాళ్ళ ఒళ్ళే రుద్దింది మొదట్లో, పాత ఫోర్‌వుమన్ వీపు కూడా. మొగుడు ల్వాన్ మధ్యాహ్నం సైకిలు మీద దింపేవాడు, చీకటి పడ్డాక వచ్చి ఎదురుగోడకి ఆనుకుని నించునేవాడు. లోపల కూర్చోవయ్యా అంటే ఆడవాళ్ళ గుమ్మం దగ్గర మగాడికి ఏం పని అనేవాడు. బయట ఉమ్మితే గడ్డకట్టే చలి, తడి జుట్టు ఐదు నిమిషాల్లో పుల్లల్లా విరిగేది, అందుకని ఫ్యాక్టరీ ఇచ్చిన తన దూది టోపీని కోటు లోపల, పొట్టకి ఆనించి దాచుకుని, ఆమె గుమ్మం దాటగానే తీసి తలమీద పెట్టేవాడు. ఆవిరి గిన్నెలోంచి తీసిన రొట్టెలా ఉండేదది. ఒకరోజు ఆమె వేళ్ళు నీళ్ళలో నానీ నానీ తెల్లగా ఉబ్బిపోయి అతని కోటు పట్టుకోలేకపోయాయి, మలుపులో సైకిలు మీంచి మంచులో వెల్లకిలా పడింది. అతను లేపి, వీధి దీపం కింద ఆ వేళ్ళు చూసి, హ్యాండిల్ పట్టుకుని ఏడ్చాడు. ఆమె మాత్రం నవ్వింది, కాళ్ళు పైకెత్తి తాబేలులా పడినందుకు నవ్వాపుకోలేకపోయింది, ఆమె నవ్వు చూసి ఏడుస్తూనే అతనూ నవ్వాడు. ఇదంతా ఈ బల్ల దగ్గరే చెప్పింది. నింగ్ ఏడుపు ఉంచుకుంది, నవ్వు పారేసింది.

ఇప్పుడు చెయ్యి పొట్టమీదికి వచ్చింది. పొత్తికడుపు మీద అడ్డంగా పాత కోత గీత, బిడ్డని తీసినవాళ్ళకే ఉండే గీత. నింగ్‌కి పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు, పత్రికల్లోనూ అదే చెబుతుందని సున్ చదివి వినిపించింది. ఐదేళ్ళు యాచిన్ ఆ గీత పక్కనించి చెయ్యి తిప్పుకుంటూ పోయింది, అడగలేదు, ఎవరితోనూ అనలేదు, మొగుడితో కూడా. సరిగ్గా అప్పుడే పక్కనున్న వేడినీళ్ళ కొలనులోంచి తాన్ అత్త తడితడిగా లేచి వచ్చింది. పేటలో ఏ ఇంట్లో చెంచా కింద పడినా ఆవిడకి వినిపిస్తుంది. "ఎవరూ, పుస్తకం రాసిన టీచరమ్మా?" అంటూ బల్లవైపే వస్తోంది, చేతిలో సగం తిన్న, చలిలో గడ్డకట్టించిన పియరు పండు, కళ్ళు అప్పుడే ఒళ్ళంతా వెతుకుతున్నాయి. ఒక్క మాట చాలు. మీ బాబు బాగున్నాడా టీచరమ్మా అని ఒక్క మాట, మామూలుగా, రుద్దుతూ రుద్దుతూ. రేపు విందు బల్లల దగ్గర ఊరంతా అదే నంజుకుంటుంది. మాట నాలుక చివరికి వచ్చింది, దాని రుచి కూడా తెలిసింది, తియ్యగా ఉంది. యాచిన్ పక్కన ఉన్న పొడి తువ్వాలు లాగి నింగ్ నడుం మీద కప్పేసింది. "అత్తా, జారుతుంది, జాగ్రత్త, ఏడాది చివర తుంటి విరగ్గొట్టుకుంటే మీ కోడలు పండగ చేసుకుంటుంది" అని అటు మళ్ళించింది. తాన్ అత్త తిట్టుకుంటూ వెళ్ళిపోయింది. నింగ్ కళ్ళు తెరవలేదు గానీ పొట్ట బిగుసుకుని, నెమ్మదిగా వదులైంది. అర్థమైంది ఆమెకి.

తొడమీద ఒక్క చరుపు చరిచింది, పక్కకి తిరగమని గుర్తు. నింగ్ తిరిగింది. పక్కటెముకలు, చంక, నడుం. మొన్నమొన్నటిదాకా ఆ గోడ దగ్గర రోజూ మనిషి ఉండేవాడు, సైకిలు పోయి కరెంటు బండి వచ్చినా, మోకాళ్ళు అరిగినా, టోపీ రెండుసార్లు మారినా. మూడు వారాలుగా గోడ ఖాళీ. అపార్టుమెంటు కింద చదరంగం ఆడే ముసలాళ్ళు మొదట సరదాగానే అన్నారట, "ఏమోయ్ ల్వాన్, ఆ రోజుల్లో ఏ హాలు దగ్గర కాపలా కాసేవాడివి, మాకూ చెబితే వచ్చేవాళ్ళం కదా" అని. స్నానశాలేరా సన్నాసుల్లారా అన్నాడట. నిప్పులేనిదే పొగరాదంటారు మరి అన్నాడట ఒకడు. అయినా దానికి మానలేదు ల్వాన్, ఆ మర్నాడు కూడా వచ్చి నించున్నాడు. మానింది మెట్లమీద సంగతి తర్వాత. మూడో అంతస్తు మెట్ల దగ్గర చలికాలానికి క్యాబేజీలు పేర్చుకుంటారు అందరూ, యాచిన్ ఒకటి తీసుకుంటుంటే ఎదురింటి గ్వీఝు వచ్చి పక్కన కూర్చుంది. పాతికేళ్ళుగా ఎదురిల్లే, నోరు విప్పి మాట్లాడి ఎరగదు, పేకాటలో కూడా తలొంచుకునే ఆడుతుంది. ఆ రోజుల్లో ఆమెని ఆమె మొగుడు ఏ హాలుకి సైకిలు మీద తీసుకెళ్ళేవాడో యాచిన్‌కి తెలుసు, ఒకసారి చూసింది, ఎవరితోనూ అనలేదు. ఆ మొగుడు పోయాడు, ఇప్పుడు ఆమెకి స్కూలుకి వెళ్ళే మనవడున్నాడు. గ్వీఝు ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు కూడానా యాచిన్. ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే అనుకున్నా" అంది. యాచిన్‌కి చేతిలో ఉన్న క్యాబేజీ కిందికి జారింది. గ్వీఝు చెయ్యి వదల్లేదు. "ఆ కథలో ఉన్నది నిజమేగా? నీదేగా?" అని మళ్ళీ అడిగింది, కాస్త పైకే. కాదంటే ఆ చెయ్యి ఎక్కడికి పోతుంది. "ఊ" అంది యాచిన్. అని తలతిప్పేసరికి మెట్ల మలుపులో ల్వాన్ ఉల్లికాడల కట్టతో నించుని ఉన్నాడు. ఏం విన్నాడో ఎంత విన్నాడో తెలీదు, ఆ ఊ మాత్రం విన్నాడు. గ్వీఝు లోపలికి వెళ్ళిపోయాక ఇంట్లో ఉల్లికాడలు కడుగుతూ, ఇటు తిరక్కుండా, ఒక్కటే అడిగాడు. "టోపీ సంగతి పరాయివాళ్ళకి ఎందుకు చెప్పావు?" టోపీ సంగతి అలా ఉంచి, ఆ ఊ ఎందుకన్నదో చెప్పాలంటే గ్వీఝు సంగతి చెప్పాలి. బల్లమీద మాట కాకపోయినా, పట్టుకున్న చేతికి కూడా ఒక నియమం ఉంటుంది కదా.

మళ్ళీ చరిచింది, బోర్లా తిరగమని. వీపు. వీపుకి బలం పెట్టాలి, రెండు చేతులూ ఒకటి చేసి నడుం నుంచి మెడదాకా. ఎర్రబడుతోంది, కమలకుండా ఎక్కడ ఆపాలో చేతికి తెలుసు, చెయ్యి ఆగింది కూడా. మొహం షీటుకి ఆనించి ఉండగానే నింగ్ అడిగింది, ఆమెకీ అదే అనువుగా ఉన్నట్టుంది. "పుస్తకం చూశారా అక్కా? మీకోసం ఒకటి సంతకం చేసి తెచ్చాను, తడవకుండా కవర్లో పెట్టాను."

"సున్ చదివి వినిపించింది."

"ఎలా ఉంది?"

"హాలు కాదు టీచరమ్మా. ఇక్కడే. ఈ గుమ్మం ముందే నించునేవాడు."

"తెలుసక్కా. కానీ అది కథ. ఆమె మీరు కాదు. పేరు మార్చాను కదా."

"నంబరు మార్చలేదుగా."

"నంబరు మీరే వెయ్యమన్నారు."

యాచిన్ మోచేతితో భుజం కింద నొక్కింది, రాసుకునేవాళ్ళకి అక్కడ ముడి పడుతుంది. నింగ్ మూలిగి, మెత్తగా అంది. "స్నానశాల అనే రాశాను అక్కా మొదట, నిజంగా. అచ్చు వేసేవాళ్ళు అడిగారు, ఇందులో ఏముంది అని. ఒకతను పెళ్ళాన్ని పనికి తీసుకెళ్ళాడు, మళ్ళీ ఇంటికి తీసుకొచ్చాడు. అంతే కదా అన్నారు."

"అంతే" అంది యాచిన్.

"అలాంటి ఆడవాళ్ళు ఆ రోజుల్లో ఉన్నారు కదా, వాళ్ళ గురించి కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా." ఉన్నారు. ఎదురింట్లో ఉన్నారు. అబద్ధం కాదు అది, తనది కాదంతే. ఒకరి బతుకుకి ఇంకొకరి టోపీ పెట్టింది ఈవిడ, ఇద్దరి తలలూ చలిలోనే ఉన్నాయి. "మీకు ఇబ్బందైతే" అంది నింగ్, గొంతులో నిజంగానే బాధ ఉంది, "మళ్ళీ అచ్చు వేసేటప్పుడు నంబరు తీయించేస్తాను. మీరని తెలిసే గుర్తులేవీ రాకుండా చూస్తాను."

యాచిన్ చేతులు ఆగాయి. నంబరు పోతే, ఆ గుర్తులు పోతే, తనకి మంచిదే. గ్వీఝు మళ్ళీ ఒంటరిదవుతుంది. ల్వాన్‌కి మాత్రం కోటు లోపల ఉన్నది తిరిగి రాదు. "అవన్నీ ఉంచుకోండి టీచరమ్మా" అంది. "హాలూ ఉంచుకోండి, నన్నూ ఉంచుకోండి. టోపీ ఒక్కటీ తీసెయ్యండి. అది నాది కాదు, మీకివ్వడానికి. ఆయనది."

నింగ్ తల కాస్త ఎత్తింది. చెంపమీద షీటు ముడతలు అచ్చుపడ్డాయి. ఆలోచించినట్టే ఉంది, మంచిమనిషి కాదని ఎవరన్నారు. "అక్కా," అంది చివరికి, "టోపీ తీసేస్తే కథే లేదు."

బకెట్టు నిండా నీళ్ళు తీసుకుని, వేడి ఎంతుందో మోచేతితో చూసుకుని, తలనించి కాళ్ళదాకా పోసింది యాచిన్. మట్టి కాలవలోకి పోయింది. ఆ పని పాతికేళ్ళలో ఎన్నడూ లోపం చెయ్యలేదు, ఇవాళా చెయ్యలేదు. "అయిందమ్మా, జారుతుంది, నెమ్మదిగా లేవండి" అంది. కవర్లో పుస్తకం బల్లపక్క కొక్కేనికి వేలాడుతోంది, దాన్ని అక్కడే వదిలేసి, తొడుగు పిండి ఆరేసి, చివరిసారి బల్ల కడిగి, ఆవిరికి తడిసి ముద్దయిన తల తువ్వాలుతో ఒత్తుకుంది. సున్ తన శాలువా ఇస్తానంది, వద్దంది.

కౌంటరు దగ్గర తాళాలు వేసుకుంటున్న పాన్ పిలిచింది. "ఇదిగో ఏడో నంబరూ, మీ ఆయన ఇది ఇచ్చి వెళ్ళాడు. ఉండవయ్యా వచ్చేస్తుంది అన్నా, వినలేదు." కౌంటరు మీద దూది టోపీ ఉంది, చెవులు లోపలికి మడిచి, నీటుగా. యాచిన్ గభాల్న గాజు తలుపులోంచి బయటికి చూసింది. ఇంకా వెలుగు ఉంది, మంచు కురవడం లేదు, ఎదురుగోడ దగ్గర ఎవరూ లేరు. టోపీ చేతిలోకి తీసుకుంది. చల్లగా ఉంది. పాతికేళ్ళలో అతని టోపీని చల్లగా ముట్టుకోవడం అదే మొదటిసారి, ఇంత బరువుంటుందని కూడా ఆమెకి తెలీదు. పెట్టుకోలేదు. వీధి దాటి, గోడకి ఆనుకుని, అతను నించునే చోటే నించుంది, అక్కడ గోడ నున్నగా అరిగి ఉంది. అక్కడినించి చూస్తే స్నానశాల గుమ్మం, దానిపైన ఆవిరి, బయటికి వచ్చే మొహాలు అన్నీ కనిపిస్తున్నాయి. నింగ్ బయటికి వచ్చింది, ఎర్రగా కడిగిన మొహంతో, మఫ్లరు చుట్టుకుని, ఇటు చూసి పోల్చుకోకుండానే వెళ్ళిపోయింది. యాచిన్ కోటు గుండీలు రెండు విప్పి టోపీని లోపల పొట్టకి ఆనించుకుంది, చలికి ఒళ్ళు జలదరించింది, జుట్టు చివర్లు అప్పుడే బిగుసుకుంటున్నాయి. టోపీ వెచ్చబడటానికి చాలాసేపు పట్టింది.